విజిట్ వీసా మీద పోయి పని చేయొచ్చా?

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మొదలైన ముచ్చట ఇది. మాది భీమ్‌గల్. మా పెద్దబాపు కొడుకు, నేను అన్న అని పిలుస్తా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తడు. వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. ఆ రోజు రాత్రి అందరం వాకిట్లో కూర్చున్నాం. అన్న ఫోన్ చూపించుకుంటూ చెప్తున్నడు: "థాయ్‌లాండ్‌కు మనకు వీసానే అక్కర్లేదు. బ్యాంకాక్‌లో రెండు నెలలు రూమ్ తీసుకుంటా. పగలు పని, సాయంత్రం బీచ్. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, ఎవడు చూస్తడు?"

మా చిన్నాయన అప్పటిదాకా మాట్లాడలేదు. మెల్లగా అన్నడు, "నాకు గూడ గట్లనే జెప్పిండ్రు బిడ్డా. ఎవడు జూస్తడు అని."

ఆ తర్వాత ఎవరూ ఏం మాట్లాడలేదు. చిన్నాయన 2017లో విజిట్ వీసా మీద దుబాయ్ పోయిండు. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ దాని గురించి ఎవరం మాట్లాడం. నాకు మాత్రం ఒక డౌట్ పట్టుకుంది. తాపీ పట్టుకుని పోయిన చిన్నాయనకు, ల్యాప్‌టాప్ పట్టుకుని పోదామనుకున్న అన్నకు రూల్ ఒకటేనా? సెలవులన్నీ అదే చదివిన. చదివింది మీకు చెప్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే క్లబ్ వాళ్లు దిద్దుతారు.

వీసాలో మూడు విషయాలుంటాయి

వీసా అనగానే మనం అడిగేది ఒక్కటే: "ఎన్ని రోజులు?" నిజానికి మూడు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఎప్పటిలోగా లోపలికి పోవచ్చు? పోయినాక ఎన్ని రోజులు ఉండొచ్చు? ఉన్నన్ని రోజులు ఏం చేయొచ్చు?

మొదటి రెండింటి తేడా మన చుట్టుపక్కలే కనిపిస్తుంది. కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్నవాళ్ల అమ్మానాన్నలకు పదేళ్ల టూరిస్ట్ వీసా వస్తుంది. అంటే పదేళ్లు అక్కడే ఉండొచ్చని కాదు. ఆ పదేళ్లలో ఎప్పుడైనా పోయి లోపలికి అడగొచ్చు అని. ఎన్ని రోజులు ఉండాలో ఎయిర్‌పోర్ట్‌లో అధికారి నిర్ణయిస్తడు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ తేదీ చూసుకుని ఐ-94 చూడకపోతే ఇరుక్కున్నట్టే. గడువు దాటి 180 రోజుల కంటే ఎక్కువ ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది లేదా ఆ పైన ఉంటే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

యూరప్ షెన్జెన్ దేశాల లెక్క మన సీఎస్ఈ వాళ్లకు నచ్చుతుంది. రూల్ ఏమిటంటే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండొద్దు. చాలామంది "90 రోజులు ఉండి, ఒకరోజు బయటికి పోయొస్తే కౌంటర్ మళ్లీ సున్నా" అనుకుంటారు. అట్ల కాదు, ఇది స్లైడింగ్ విండో. నువ్వు అక్కడ ఉన్న ప్రతిరోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూసి, అందులో నువ్వు ఉన్న రోజులు లెక్కపెడతారు. ఉదాహరణకు లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 1 నుంచి మార్చి 31 దాకా ఉన్నావనుకో. 90 అయిపోయినయ్. మళ్లీ అడుగు పెట్టగలిగేది జూన్ 30న. జూన్ 29న పోయినా 91 అవుతుంది. కావాలంటే కోడ్ రాసి చూడండి, నేను రాసిన.

ఇవి అన్నీ రోజుల లెక్కలు. చిన్నాయనను ముంచింది మాత్రం మూడో ప్రశ్న. ఏం చేయొచ్చు అన్నది.

చిన్నాయన కథ

చిన్నాయన తొమ్మిదో తరగతితో బడి మానేసిండు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, వాళ్లు దుబాయ్, సౌదీ, కువైట్, ఖతార్ లాంటి కొన్ని దేశాలకు పని కోసం పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఆఫీస్ నుంచి అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఉందా, జీతం ఎంత, కాంట్రాక్ట్ ఉందా అని వాళ్లు చూస్తారు. ఈ పనంతా ఇప్పుడు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో జరుగుతుంది.

అయితే టూరిస్టుగా పోయేవాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు పట్టుకున్న సందు ఇదే. "కంపెనీ వీసా అంటే నెలలు పడుతది. విజిట్ మీద పో, ఆడికి పోయినంక మార్పిస్తం" అని చెప్పిండు చిన్నాయనకు. ఈ మాట పూర్తి అబద్ధం కూడా కాదు. విజిట్ వీసాను దేశం దాటకుండానే వర్క్ వీసాగా మార్చుకునే పద్ధతి ఎమిరేట్స్‌లో నిజంగానే ఉంది. కానీ మార్చాల్సింది అక్కడి కంపెనీ. ఏజెంట్ మాట వాళ్ల మీద ఏం నడుస్తది?

లక్షా ఇరవై వేలు కట్టిండు, రెండు రూపాయల మిత్తికి తెచ్చి. రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జ్ మీద చట్టంలో పరిమితి ఉందని, అది 30 వేలు, పైన జీఎస్టీ అని నాకు ఇప్పుడు తెలిసింది. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

2017 ఫిబ్రవరిలో, ఊర్లో పసుపు తవ్వే టైంలో, మూడు నెలల విజిట్ వీసా మీద పోయిండు. పోయిన చోట పని ఇచ్చిండ్రు, వీసా మార్చలేదు. "వచ్చే నెల, వచ్చే నెల" అన్నరు. మే నెలలో గడువు అయిపోయింది. అప్పు అట్లనే ఉంది, ఇంటికి ఏ మొహంతో వస్తడు? అక్కడే ఉండిపోయిండు. గల్ఫ్‌లో మనోళ్లు ఇట్ల కాగితాలు లేకుండా ఉన్నోళ్లను ఖల్లివల్లి అంటారు. ఊర్లో ఎవరినైనా అడగండి, ఈ మాట తెలియనివాళ్లు ఉండరు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఇప్పుడు ఎమిరేట్స్‌లో గడువు దాటితే జరిమానా రోజుకు 50 దిర్హామ్‌లు. చిన్నాయన ఉన్నప్పుడు విజిట్ వీసాకు ఇంకా ఎక్కువ ఉండేది. ఆయన నెల జీతం 1,200 దిర్హామ్‌లు, అంటే రోజుకు 40. ఇప్పటి తక్కువ జరిమానాతోనే చూసినా, పొద్దంతా ఎండలో పని చేసి రోజుకు పది దిర్హామ్‌లు బాకీ పడుతున్నట్టు. పద్దెనిమిది నెలలకు జరిమానా 27,000 దిర్హామ్‌లు. దిర్హామ్ 23 రూపాయలు అనుకున్నా ఆరు లక్షల పైనే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చిన్నాయన చాలాసేపు దాన్నే చూసిండు. "ఇంత అని నాకు తెల్వది" అన్నడు.

2018లో పరంజి మీది నుంచి పడి కుడిచేయి మణికట్టు విరిగింది. పెద్ద దవాఖానకు పోతే కాగితాలు అడుగుతరు, పోలీసులకు చెప్తరు అని భయం. రూంలో ఉన్నోళ్లే కట్టు కట్టిండ్రు. రెండు నెలల జీతం ఎగ్గొట్టిండ్రు. కంప్లైంట్ ఇద్దామంటే కాంట్రాక్టే లేదు, దేని మీద ఇస్తడు? ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని. దాన్ని డిసెంబర్ చివరి దాకా పొడిగించిండ్రు. చిన్నాయన నవంబర్‌లో వచ్చిండు, లింబాద్రి గుట్ట జాతర రోజుల్లో. నాకప్పుడు పన్నెండేళ్లు. చాక్లెట్లు తెస్తడని బస్టాండ్‌కు పోయిన. చేతిలో చిన్న సంచి ఒక్కటే ఉంది. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా తిరగదు, పసుపు బస్తా ఎత్తలేడు.

పోయింది జీతం ఒక్కటే కాదు

సరైన వీసా మీద, ఎమిగ్రేషన్ అనుమతితో పోయి ఉంటే ఏం దక్కేదో చూస్తే నాకు బాగా బాధనిపించింది. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. విజిట్ వీసా మీద పోయినోళ్లు ఆ లైన్‌లోకే రారు, కాబట్టి ఆ బీమా వాళ్ల పేరు మీద ఉండదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. మంచిదే. కానీ ఆయన కార్మికుడిగా పోయిండు అని చెప్పే కాగితం ఇంట్లో లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ ఇంటి ఆడవాళ్లే.

వీసా మీద "విజిట్" అని ఉంటే, ఆ దేశం లెక్కలో నువ్వు పనివాడివే కావు. పనివాళ్ల కోసం రాసిన చట్టాలు, కోర్టులు, బీమాలు నీ పేరు దగ్గర ఆగిపోతాయి. జైలు, జరిమానా గురించి అందరూ చెప్తారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మరి ల్యాప్‌టాప్ సంగతి?

అన్న వాదన ఇది: "నా కంపెనీ ఇండియాలో, జీతం ఇండియాలో పడుతది. నేను అక్కడ ఎవరి ఉద్యోగం గుంజుకుంటున్న?" వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చాలా దేశాల చట్టాలు జీతం ఎక్కడ పడుతుందని మాత్రమే చూడవు, పని చేసే మనిషి ఎక్కడ కూర్చున్నడు అని కూడా చూస్తాయి. ఈ విషయంలో దేశాలు మూడు రకాలుగా ఉన్నాయి.

మొదటి రకం, సందర్శకులు ల్యాప్‌టాప్ పని చేసుకోవచ్చని రాతపూర్వకంగా చెప్పిన దేశాలు. న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తమ విదేశీ కంపెనీకి రిమోట్‌గా పని చేయొచ్చని చెప్పింది. కాకపోతే 90 రోజులు దాటితే పన్ను సంగతి చూసుకోమంది. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి ఒప్పుకుంటుంది, కానీ వచ్చిన అసలు కారణం ఆ పని కాకూడదు. కెనడా కూడా బయటి దేశం కంపెనీకి పని చేసే విజిటర్లను ఆరు నెలల దాకా ఉండనిస్తుంది.

రెండో రకం, దీనికోసమే కొత్త వీసా పెట్టిన దేశాలు. ఎస్టోనియా 2020 ఆగస్టులో డిజిటల్ నోమాడ్ వీసా మొదలుపెట్టింది. కరోనా టైంలో హోటళ్లు ఖాళీ అయ్యాయి, ఆఫీసులు ఇళ్లలోకి వచ్చాయి. టూరిస్టు వారం ఉండి పోతడు, ల్యాప్‌టాప్ మనిషి ఏడాది ఉండి కిరాయి కడతడు అని చాలా దేశాలకు అర్థమైంది. దుబాయ్ కూడా 2020లోనే మొదలుపెట్టింది. మలేషియా 2022లో డీఈ రంటావు తెచ్చింది, టెక్ వాళ్లకు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపించాలి. థాయ్‌లాండ్ 2024 జూలైలో డీటీవీ అనే వీసా పెట్టింది. ఐదేళ్లు చెల్లుతుంది, ఒక్కసారి పోతే 180 రోజులు ఉండొచ్చు, బ్యాంకులో 5 లక్షల బాట్ చూపించాలి. వయసు కనీసం ఇరవై ఉండాలి. నాకు పంతొమ్మిదే, కాబట్టి బాట్ గురించి టెన్షన్ లేదు.

మూడో రకం, ఏ సంగతీ స్పష్టంగా చెప్పని దేశాలు. అక్కడ "ఎవడు చూస్తడు" అనే మాట మీద నడుస్తుంది. ఎవరూ చూడకపోవచ్చు కూడా. కానీ ఎయిర్‌పోర్ట్‌లో అధికారి "ఎందుకొచ్చావ్" అని అడిగితే నిజం చెప్పాలా, అబద్ధం చెప్పాలా అనే పరిస్థితి నీదే.

థాయ్‌లాండ్ 2024 జూలై నుంచి మన పాస్‌పోర్ట్‌కు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చింది. అన్న చదివింది అదే. ఇది ముఖ్యంగా టూరిస్టుల కోసం ఇచ్చిన సౌకర్యం. రెండు నెలలు కూర్చుని ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం పెట్టింది డీటీవీ. ఈ రోజుల సంఖ్యలు మాటిమాటికీ మారుతుంటాయి కూడా. ఎప్పుడో చదివింది నమ్మకుండా, టికెట్ కొనే ముందు ఆ దేశం ఎంబసీ సైట్ చూడాలి. ఇంకో విషయం, దేశం ఒప్పుకున్నా నీ కంపెనీ ఒప్పుకోవాలి. క్లయింట్ డేటా ఏ దేశంలో తెరవొచ్చు అనేది చాలా కంపెనీల అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది.

ఒకే దుబాయ్, రెండు దర్వాజలు

ఎమిరేట్స్ రిమోట్ వర్క్ వీసాకు ఇప్పుడు నెలకు 3,500 డాలర్ల జీతం చూపించాలి. అంటే దాదాపు 12,800 దిర్హామ్‌లు. చిన్నాయన జీతానికి పది రెట్లకు పైన. బయటి దేశం కంపెనీకి పని చేసే ల్యాప్‌టాప్ మనిషి కోసం రూల్ మార్చి కొత్త దర్వాజ పెట్టిండ్రు. గోడ కట్టే మనిషికి మాత్రం దర్వాజ పాతదే.

ఇది అన్యాయం అని నేను అన్న. చిన్నాయనకే అట్ల అనిపించలేదు. "పాత దర్వాజ గూడ మంచిదే బిడ్డా. మా ఏజెంటే గోడ దుంకుమన్నడు" అన్నడు. ఆయన మాటలో నిజం ఉంది. కంపెనీ వీసా మీద పోయి, ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించుకున్నోళ్లు మా గల్లీలోనే నలుగురున్నరు.

మనల్ని ఎవరూ ఆపరు

మీరు ఇది చదువుతున్నారంటే పది పాస్ అయినట్టే. అంటే మన పాస్‌పోర్ట్‌కు ఈసీఆర్ ఉండదు. ఏ దేశానికి పనికి పోయినా ప్రొటెక్టర్ అనుమతి అక్కర్లేదు. ఇది గొప్పగానే అనిపిస్తది. కానీ కంపెనీ నిజమా, అబద్ధమా అని మన తరఫున చూసే ఆఫీస్ కూడా లేదన్నమాట.

దీన్ని వాడుకున్నోళ్లు ఉన్నారు. థాయ్‌లాండ్‌లో "డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్" ఉద్యోగాలని చెప్పి ఐటీ తెలిసిన యువకులను మోసం చేస్తున్నారని 2022 సెప్టెంబర్‌లోనే మన విదేశాంగ శాఖ హెచ్చరిక ఇచ్చింది. బ్యాంకాక్‌లో దిగినాక వాళ్లను అక్రమంగా సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మయవాడి వైపు తీసుకుపోయేవాళ్లు. అక్కడ పని అంటే సైబర్ మోసాలు చేయడం. చేయనంటే బందీలే. 2025 మార్చిలో ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో రెండు రోజుల్లోనే 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలంగాణ, ఆంధ్ర పిల్లలు కూడా ఉన్నారు. పది తప్పినోళ్లు కాదు, మనలాగా కీబోర్డ్ మీద టైప్ చేయగలిగినోళ్లు. మోసం మొదలైన మాట మాత్రం చిన్నాయన విన్న మాటే: "టూరిస్ట్‌గా రా, వచ్చినంక కాగితాలు చూసుకుందాం."

పోయే ముందు అడగాల్సినవి

1. వీసా మీద ఏ పనికని రాసి ఉంది? నేను చేయబోయే పని అదేనా?
2. ఉండే గడువు ఏ రోజుతో అయిపోతుంది? వీసా తేదీ, ఉండే తేదీ వేరువేరుగా రాసుకున్ననా?
3. ఉద్యోగమైతే, ఎక్కే ముందే కాంట్రాక్ట్ చేతిలో ఉందా? "వచ్చినంక" అనే మాట వినపడితే అక్కడే ఆగాలి.
4. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయిన జాబితాలో ఉందా? ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడిగిననా?
5. ల్యాప్‌టాప్ పనైతే, ఆ దేశం ఒప్పుకుంటుందా? నా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుందా?
6. నాకు దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది?

అన్న బ్యాంకాక్ రూమ్ బుకింగ్ ఆపిండు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టిండు, జవాబు ఇంకా రాలేదు. ఈలోపు పది రోజులు లీవ్ పెట్టి, ల్యాప్‌టాప్ లేకుండా, మామూలు టూరిస్టులాగా పోయొద్దామని చూస్తున్నడు.

సెలవులు అయిపోయే ముందురోజు చిన్నాయన నన్ను పిలిచిండు. మా వెనక గల్లీ పిలగాడు ఐటీఐ అయిపోయింది, విజిట్ వీసా మీద దుబాయ్ పోతున్నడట. ఏజెంట్‌కు ఇరవై వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చిండు. ముగ్గురం కూర్చుని నా ఫోన్‌లో ఈ-మైగ్రేట్ తెరిచి ఏజెంట్ పేరు వెతికినం. స్పెల్లింగ్ మార్చి మార్చి వెతికినం. జాబితాలో లేదు. పిలగాడు "ఇరవై వేలు ఇచ్చిన గద అన్నా" అని నా దిక్కు చూసిండు. నేనేం చెప్పాలో నాకు తెలియలేదు. చిన్నాయన తన కుడిచేయి ముందుకు పెట్టి, తిప్పగలిగినంత తిప్పి చూపించిండు.

ఆ పిలగాడు ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు. వారానికోసారి ఫోన్ చేసి అడుగుతున్న. మీ ఊర్లో కూడా ఇట్ల ఎవరైనా ఉంటే, ఈ దీపావళికి ఇంటికి పోయినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ఆ ఏజెంట్ పేరు వెతకండి. మన ఫోన్‌లో ఐదు నిమిషాల పని.